మూడో నాణెం దొరికాక పార పక్కన పెట్టండి

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది గుంటూరు జిల్లా. ఉద్యోగరీత్యా ఇంగ్లండ్‌లో, కెంట్ కౌంటీలో ఉంటున్నాం. పక్కింటి పెద్దాయనకి మెటల్ డిటెక్టర్ పిచ్చి. ఆయన వెంట తిరిగి నాకూ అంటుకుంది, ఒక మెషిన్ కొన్నాను. రైతు అనుమతి తీసుకునే పొలాల్లోకి వెళ్తున్నాం. ఇప్పటిదాకా దొరికినవి ఇవి. ఒకటి, పల్చటి వెండి బిళ్ల. ముందు కిరీటం పెట్టుకున్న ముఖం, వెనక అంచు దాకా సాగిన శిలువ, సందుల్లో మూడేసి చుక్కలు. రెండు, తునకలా విరిగిన ముక్కోణపు వెండి ముక్క, దాని మీద నాలుగు చుక్కలు ఒకచోట ముద్దగా ఉన్నాయి. మూడు, 1808 అని ఉన్న ఈస్ట్ ఇండియా కంపెనీ రాగి నాణెం. ఒకవైపు సింహాల బొమ్మ, ఇంకోవైపు పర్షియన్ రాత, కింద ‘టెన్ క్యాష్’ అని రోమన్ అంకెతో ఉంది. ఇది చూడగానే ఒళ్లు పులకరించింది. మన దేశంలో పనిచేసి వచ్చిన సిపాయి ఎవరో పారేసుకుని ఉంటాడు కదా? ఇక పోయిన ఆదివారం, వేరే పొలంలో, మూరెడు లోతులో ఒకే గుంతలో మూడు చిన్న రాగి నాణేలు దొరికాయి. మూడింటి మీదా ఇద్దరు సైనికులు, మధ్యలో ఒక జెండా కర్ర. ఒకదాన్ని చింతపండుతో తోమాను, తళతళలాడుతోంది. మెషిన్ ఇంకా గట్టిగానే మోగుతోంది. వచ్చే ఆదివారం పెద్ద పారతో వెళ్దామనుకుంటున్నాం.

ఇంకో మాట. మా ఊరి చివర పాటిదిబ్బ ఉంది. వాన పడితే కుండపెంకులు, పూసలు తేలతాయి. నా చిన్నప్పుడు ఏనుగు బొమ్మ ఉన్న సీసం బిళ్లలు దొరికితే, కరిగించి చేపల వలకి బరువులుగా కట్టేవాళ్లు. ఈసారి సెలవులకి వచ్చేటప్పుడు మెషిన్ తెచ్చుకుంటే ఎలా ఉంటుంది? మా ఆవిడ మాత్రం ‘లంకెబిందెల కోసం పొలాల వెంట తిరిగే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని నిన్నే చూశా’ అంటోంది.

తాజా కలం: మా మేనమామ దగ్గర 1818 నాటి కంపెనీ నాణెం ఉంది, వెనక హనుమంతుడి బొమ్మ. అది బియ్యపు గింజల్ని లాగుతుందట. ఎవరో కోటి రూపాయలకి కొంటామంటున్నారు, టెస్టింగ్‌కి ముందుగా రెండు లక్షలు కట్టమంటున్నారు. నిజమేనా?

జవాబు: ముందు ఆ ఆదివారం సంగతి తేల్చుకుందాం, మిగతావి ఆగుతాయి. ఈ జవాబు చూసేసరికి మీరు వెళ్లి ఉండకపోతే, పార తీసుకుని మాత్రం వెళ్లకండి.

ఇంగ్లండ్‌లో దున్నే పొలాల్లో దొరికే నాణేల్లో ఎక్కువ భాగం పైపొర మట్టిలోనివే. నాగలి వాటిని వందల ఏళ్లుగా అటూ ఇటూ తోసి ఉంటుంది. అలా ఒంటరిగా దొరికినదాన్ని తీస్తే పెద్దగా పోయేదేమీ లేదు, చోటు రాసిపెట్టుకుంటే చాలు. మీరు చెప్పిన గుంత అలాంటిది కాదు. మూరెడు లోతు, నాగలి అందని చోటు. ఒకే రకం నాణేలు మూడు, ఇంకా మోగుతున్న మెషిన్. ఎవరో కావాలని పూడ్చిపెట్టినవి అయ్యుండొచ్చు. కింద కుండ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కానీ ఉంటే, ఆ కుండ పగిలే మొదటి దెబ్బ మీ పారదే అవుతుంది.

2010 ఏప్రిల్‌లో సోమర్సెట్‌లో ఫ్రూమ్ ఊరి దగ్గర డేవ్ క్రిస్ప్ అనే ఆయనకి ఇలాగే జరిగింది. కొన్ని రోమన్ నాణేలు, వాటి కింద కుండ మూతి కనిపించాయి. ఆయన తవ్వడం ఆపేసి, గుంత పూడ్చి, అధికారులకి ఫోన్ చేశాడు. పురావస్తు శాస్త్రజ్ఞులు వచ్చి కుండలోని నాణేలని ఒక్కో పొర చొప్పున తీశారు. మొత్తం 52,503 నాణేలు, బరువు 160 కిలోలు. పొరలవారీగా తీశారు కాబట్టి ఒక విషయం బయటపడింది. ఆ కుండలో అన్నింటికంటే కొత్తవి కరాసియస్ కాలం నాటివి. ఆయన బ్రిటన్‌ని ఏలింది 286 నుంచి 293 వరకు. ఎవరైనా ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్మయితే ఆ కొత్త నాణేలు పైన ఉండాలి. కానీ వాటిలో ఎక్కువ భాగం పాతవాటి కిందే ఉన్నాయి. అంటే మొత్తం ఒకేసారి పోసిందన్నమాట. పైగా అంత బరువు నింపి ఎత్తితే ఆ కుండ తట్టుకోదు, ముందు గోతిలో దించి తర్వాతే నింపి ఉంటారు. దాచుకున్న డబ్బా, దేవుడికి సమర్పించిందా అన్న చర్చ అక్కడి నుంచే మొదలైంది. క్రిస్ప్ ఆ రోజు చేతులతో కెలికి సంచిలో పోసుకుని ఉంటే 52,503 నాణేలూ మిగిలేవి, ఈ కథ మాత్రం మిగిలేది కాదు.

అంతకుముందు 1992లో సఫోక్‌లో హాక్స్‌న్ దగ్గర ఎరిక్ లాస్ అనే పెద్దాయన చేసిందీ ఇదే. పొలంలో పోయిన సుత్తి వెతకడానికి డిటెక్టర్ పట్టుకుని వెళ్తే రోమన్ బంగారం, వెండి బయటపడ్డాయి. కాసేపటికే ఆపేసి కబురు పెట్టాడు. ఆ సుత్తి కూడా ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది లెండి.

చట్టం సంగతి. ఇంగ్లండ్, వేల్స్‌లో 1996 నాటి ట్రెజర్ యాక్ట్ అమల్లో ఉంది. 300 ఏళ్లు దాటిన నాణేలు ఒకేచోట దొరికి, వాటిలో వెండి గానీ బంగారం గానీ కనీసం 10 శాతం ఉంటే, రెండు నాణేలు చాలు, అది ‘ట్రెజర్’ కిందికి వస్తుంది. మీవాటిలా రాగి, కంచువైతే పది ఉండాలి. ట్రెజర్ అనిపించిన 14 రోజుల్లోగా కరోనర్ అనే అధికారికి చెప్పాలి. ఇప్పుడు మీ చేతిలో ఉన్నవి మూడే కాబట్టి చట్టం మిమ్మల్ని నిలదీయదు. అయినా ‘పది దాకా తవ్వి చూద్దాం’ అనుకోకండి, ఆ లెక్క తవ్వేవాళ్లు వేసుకునేది కాదు. మీ కౌంటీలో ఫైండ్స్ లియెజాన్ ఆఫీసర్ అని ఒకరు ఉంటారు. జనానికి దొరికిన పాత వస్తువుల్ని నమోదు చేయడానికి బ్రిటిష్ మ్యూజియం నడిపే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ తరఫున పనిచేసే మనిషి. సోమవారం పొద్దున్నే ఈమెయిల్ పెట్టండి. ఫోన్‌లోని జీపీఎస్ అంకెలు, గుంత లోతు, మూడు నాణేల ఫోటోలు జతచేయండి. గుంత పూడ్చి, పైన గుర్తులేవీ పెట్టకుండా రండి. రాత్రిపూట మెషిన్లు పట్టుకుని తిరిగే దొంగలు అక్కడా ఉన్నారు. రైతుకి కూడా వెంటనే చెప్పండి. బహుమతి వస్తే మామూలుగా అతనికీ మీకూ పంచుతారు. నోటి మాటతో సరిపెట్టుకోకుండా వాటాల సంగతి కాగితం మీద రాసుకోవడం మంచిది. చెప్పకుండా దాచుకుంటే ఏమవుతుందంటారా? హెరెఫర్డ్‌షైర్‌లో 2015లో వైకింగ్ కాలపు నిధి తవ్వి, గుట్టుగా అమ్ముకున్న ఇద్దరికి 2019లో కోర్టు పదేళ్లు, ఎనిమిదిన్నరేళ్లు శిక్ష వేసింది. అప్పీల్‌లో తగ్గింది గానీ జైలు తప్పలేదు. దాదాపు 300 నాణేలు ఉండొచ్చని అంచనా వేస్తే, దొరికినవి ఓ ముప్పై.

ఇక గుర్తుపట్టడం. ఆ మూడు నాణేల మీద రాత ‘గ్లోరియా ఎక్సర్సిటస్’ అయ్యుండాలి, సైన్యపు కీర్తి అని. రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్, ఆయన కొడుకుల కాలంలో లక్షల కొద్దీ కొట్టారు. సైనికుల మధ్య జెండా కర్రలు రెండు ఉంటే 330 నుంచి 335 మధ్యవి. ఒకటే ఉంటే ఆ తర్వాతివి, 341 దాకా. మీవి రెండో రకం, సైజు కూడా కొంచెం చిన్నదై ఉంటుంది. సైనికుల కాళ్ల కింద, గీత దిగువన రెండు మూడు అక్షరాలు ఉంటాయి. అవి ఆ నాణెం ఏ టంకశాలలో తయారైందో చెప్తాయి. ట్రియర్, లియోన్, ఆర్ల్ పేర్లు బ్రిటన్‌లో తరచుగా కనిపిస్తాయి. లండన్ టంకశాల అప్పటికే మూతబడింది కాబట్టి దాని పేరు వెతకొద్దు. చింతపండుతో తోమిన నాణెంలో ఆ అక్షరాలు ఇంకా ఉన్నాయేమో చూడండి. ఉంటే అదృష్టమే.

ఎందుకంటే పదిహేడు వందల ఏళ్లు మట్టిలో ఉన్న రాగి నాణెంలో లోహం పైభాగం ఎప్పుడో ఆకుపచ్చ పొరగా మారిపోయి ఉంటుంది. అక్షరాలు, ముక్కూ కళ్లూ అన్నీ ఆ పొరలోనే ఉంటాయి, కింద గరుకు లోహం తప్ప ఏమీ ఉండదు. ఇత్తడి చెంబు తోమినట్టు తోమితే మసి కాదు పోయేది, బొమ్మే పోతుంది. వెనిగర్, నిమ్మకాయ, కూల్‌డ్రింక్ అన్నీ ఆ కోవలోవే. మిగతా రెండింటినీ తాకకండి, ఆఫీసర్ చూసేదాకా ఆ మట్టితోనే ఉండనీయండి. పొలంలో విడిగా దొరికే రాగి నాణేలకైతే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మట్టి మెత్తబడ్డాక టూత్‌పిక్‌తో మెల్లగా కదిపితే చాలు. లేత ఆకుపచ్చ రంగులో సున్నంలా రాలే పొడి కనిపిస్తే అది తెగులు. లోహంలో చేరిన ఉప్పు తేమతో కలిసి తినేస్తోందని అర్థం. దాన్ని మిగతావాటి నుంచి వేరుచేసి, సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో పొడిగా ఉంచండి. పీవీసీ ప్లాస్టిక్ కవర్లు మాత్రం వద్దు, కొన్నేళ్లకి అవే నాణెం మీద జిగురుగా పచ్చటి పొర కడతాయి.

వెండి బిళ్ల లాంగ్ క్రాస్ పెన్నీ. ఫోటోలో వెనకవైపు రాత చూశాను, ‘సివిటాస్ కాంటార్’. అంటే కాంటర్‌బరీ, మీ కౌంటీ ఊరే. ముందువైపు రాజు పేరు ఇ-డి-డబ్ల్యూ-ఆర్ అని పొట్టిగా ఉంది. ఎడ్వర్డ్ పేరు అలా క్లుప్తంగా రాసినవి మామూలుగా 1279 నుంచి 1300 ప్రాంతం వరకు వచ్చినవి, మొదటి ఎడ్వర్డ్‌వి. తర్వాతివాటిలో పేరు కొంచెం సాగుతుంది, ఇ-డి-డబ్ల్యూ-ఎ-ఆర్ అని. శిలువని అంచు దాకా లాగింది భక్తి కోసం కాదు. అంచు కత్తిరించి వెండి దొంగిలిస్తే శిలువ కొసలు తెగి కనబడతాయి, పట్టుకోవచ్చు. బరువు 1.4 గ్రాముల చుట్టూ ఉండాలి. బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి. మెషిన్‌కి పెట్టిన డబ్బులో అది ఏ మూలకీ రాదు గానీ, నాణెం ఏదో తేల్చడంలో బోలెడు పని చేస్తుంది. బరువు, వ్యాసం, రెండు వైపులా ఫోటో ఉండాలి. ఫోటో తీసేటప్పుడు లైటు పైనుంచి కాక పక్కనుంచి వాలుగా పడాలి. అరిగిన అక్షరాలు ఆ నీడలోనే లేస్తాయి.

మీరు ‘తునక’ అని తీసిపారేసిన ముక్కోణపు ముక్కే వీటన్నింటిలో నాకు ఎక్కువ నచ్చింది. అది విరగలేదు, కోశారు. ఒక పెన్నీని శిలువ గీతల వెంట నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి ఫార్దింగ్, అంటే పావు. అప్పట్లో చిల్లర అదే. గుండ్రటి ఫార్దింగ్‌లు 1279లో ఎడ్వర్డ్ నాణేల్ని మార్చాకే విరివిగా తిరిగాయి. మీ ముక్క మీద నాలుగు చుక్కలు కలిసి చిన్న శిలువలా ఉన్నాయి కాబట్టి అది షార్ట్ క్రాస్ రకం, 1180–1247 మధ్యది. మూడు చుక్కలు విడివిడిగా ఉంటే తర్వాతి లాంగ్ క్రాస్ అనుకోవాలి. తమాషా ఏమిటంటే ఈ షార్ట్ క్రాస్ పెన్నీల మీద రాజు ఎవరైనా పేరు హెన్రీనే. రిచర్డ్, జాన్ రాజ్యం చేసినన్నాళ్లూ టంకశాలలు ‘హెన్రికస్’ అనే కొడుతూ పోయాయి. పేరు చూసి రాజుని తేల్చేస్తే ఇక్కడ పప్పులో కాలేసినట్టే. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఎవరో బీరుకో రొట్టెకో తీసుకెళ్తూ జారవిడిచిన పావు పెన్నీ అది, మడతపడకుండా అట్టపెట్టెలో పెట్టండి.

కంపెనీ నాణెం విషయంలో మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లక తప్పదు. అది మన గడ్డ మీద తిరిగి వచ్చినది కాకపోవచ్చు. అసలు ఇక్కడికి చేరి ఉండకపోవచ్చు కూడా. ఈ పది కాసుల నాణేలు మద్రాస్ ప్రెసిడెన్సీ కోసం బర్మింగ్‌హామ్‌లో, మాథ్యూ బోల్టన్ గారి సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద కొట్టినవి. మీ గుంటూరు కూడా అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోదే. 1808లో కొట్టిన సరుకు ‘అడ్మిరల్ గార్డ్‌నర్’ అనే ఓడలో మద్రాసుకి బయలుదేరింది. 1809 జనవరిలో తుఫానుకి మీ కెంట్ తీరంలోని గుడ్విన్ ఇసుక దిబ్బల మీద ఓడ మునిగింది. 1980లలో గజ ఈతగాళ్లు లక్షల కొద్దీ నాణేలు పైకి తెచ్చారు. అవి చవగ్గా అమ్ముడయ్యాయి, ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. 1808 తేదీ ఉండి, కెంట్‌లో దొరికిందంటే, నలభై ఏళ్ల లోపు ఏ పిల్లాడి జేబులోంచో పడిందనే నా అనుమానం. ఎలా తెలుస్తుంది? వాడకంలో అరిగిన నాణెమైతే సింహాల జూలు, పర్షియన్ గీతలు నున్నగా అరిగి ఉంటాయి. సముద్రంలో ఉన్నదైతే అరుగుదల ఉండదు, సన్నటి గుంటలు పడి ఉంటుంది, లేదా ఓడలో నాణేలు నింపిన పీపా మధ్యలో భద్రంగా ఉండి కొత్తదానిలా మెరుస్తుంది. భూతద్దంతో చూసి చెప్పండి.

ధరల గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను. పెన్నీకి కొన్ని పదుల పౌండ్లు, రోమన్ రాగివి ఒక్కోటి రెండు కాఫీల డబ్బు. ఇవి డబ్బు కోసం చేసే పనులు కావు.

ఇక మీ ఊరి పాటిదిబ్బ. మెషిన్ తేవద్దు. అక్కడి రైతు అనుమతి ఇస్తే పొలంలో తిరగడం ఇంగ్లండ్‌లో హాబీ. ఇక్కడ దిబ్బ మీద మెషిన్ తిప్పితే ఊళ్లో మొదటి గంటలోనే గుప్తనిధుల ముఠా అంటారు, రెండో గంటలో పోలీసులు వస్తారు. వాళ్లని తప్పుపట్టలేం, నిజం ముఠాలు ఎన్నో గుళ్లు తవ్వేశాయి మరి. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది. నేలలో దాగి దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే, అవును, అప్పటి పది రూపాయలే ఇప్పటికీ చట్టంలో ఉన్నాయి, కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలపాలి. చెప్పకపోతే మీ వాటా ప్రభుత్వానిదవుతుంది, ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు. దిబ్బ గనక పురావస్తు శాఖ సంరక్షిత ప్రాంతమైతే అక్కడ అనుమతి లేకుండా తవ్వడమే నేరం.

చట్టం పక్కన పెట్టినా ఇంకో కారణం ఉంది. అమరావతి మీకు దూరమేం కాదు. దీపాలదిన్నె అని పిలిచే ఆ దిబ్బని 1790లలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారి కాలంలో ఇటుకల కోసం, రాళ్ల కోసం తవ్వారు. కంపెనీ సర్వేయర్ కర్నల్ మెకంజీ చూడ్డానికి వచ్చేసరికే చాలా శిల్పాలు వేరే కట్టడాల్లోకి పోయాయి. తర్వాత సున్నం కోసం కాల్చినవీ ఉన్నాయి. మిగిలినవాటిలో కొన్ని ఇప్పుడు మీరుండే దేశంలో, బ్రిటిష్ మ్యూజియం గోడలకి ఉన్నాయి. అది తవ్విన వాళ్లెవరూ దుర్మార్గులు కారు, పనికొచ్చే రాయి కనిపించింది, తీసుకున్నారు.

మీరు చెప్పిన ఏనుగు బొమ్మ సీసం బిళ్లలు శాతవాహనులవో, ఇక్ష్వాకులవో అయ్యుంటాయి. ఏనుగుకి వెనకవైపు, గీతలతో కలిసిన నాలుగు గుండ్రాలు ఉన్నాయా? దాన్ని ఉజ్జయిని చిహ్నం అంటారు. 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరి తవ్వకాల్లో ఒకే కుండలో 3,730 సీసం నాణేలు దొరికాయి, వాటి మీదా ఏనుగు, ఆ చిహ్నమే. వలకి బరువులుగా కరిగిపోయినవి అలాంటివే అన్నమాట. ఇంట్లో ఎవరి దగ్గరైనా ఒకటీ అరా మిగిలి ఉంటే కరిగించకుండా ఆపండి. పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోమనండి, సీసం పిల్లల నోట్లోకి పోకూడదు.

సెలవుల్లో మీరు చేయగలిగింది ఉంది. మంచి వాన పడిన మర్నాడు, మెషిన్ లేకుండా, ఫోన్ పట్టుకుని దిబ్బ చుట్టూ నడవండి. పైకి తేలిన పెంకులు, పెద్ద ఇటుకలు, పూసలు ఎక్కడ ఎక్కువగా ఉన్నాయో జీపీఎస్‌తో సహా ఫోటోలు తీయండి. ఇటుక పొడవు వెడల్పులు టేపుతో కొలవండి, కాలం కట్టడానికి అది పనికొస్తుంది. ఏదీ తీసి జేబులో వేసుకోవద్దు. ఆ ఫోటోలతో తహసీల్దార్‌కి ఒక అర్జీ, రాష్ట్ర పురావస్తు శాఖకి ఒక కాపీ ఇవ్వండి. దిబ్బ మట్టి ట్రాక్టర్లకి ఎత్తుతున్నారంటే ఆ సంగతి మొదటి వాక్యంలోనే రాయండి.

మీ మేనమామ గారి నాణెం పక్కా నకిలీ. కంపెనీ వారు మద్రాసులో కొట్టించిన చిన్న బంగారు పగోడాల మీద విష్ణుమూర్తి నిజంగానే ఉన్నాడు, దేవుడి బొమ్మ ఉండటం తప్పేమీ కాదు. కానీ 1818 అని రాసి, వెనక హనుమంతుడో రామపట్టాభిషేకమో ఉన్న పెద్ద రాగి బిళ్లలు కంపెనీ ఎన్నడూ వేయలేదు. అవి పూజ గదుల కోసం, సంతల్లో అమ్మకానికి తర్వాత తయారైనవి. రాగి బియ్యాన్ని లాగదు. పోలీసులకి దొరికిన రైస్ పుల్లింగ్ ముఠాల దగ్గర బయటపడినవి అయస్కాంతాలు, ఇనుము దూర్చిన బియ్యపు గింజలు. కోటి రూపాయలిచ్చి కొనేవాడు ముందు రెండు లక్షలు ఎందుకు అడుగుతాడు? మామయ్య గారు ఇంకా కట్టకపోతే ఆ ఫోన్ నంబర్లు, వాట్సాప్ మెసేజ్‌లు చెరిపేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో ఇమ్మనండి. ఆన్‌లైన్‌లో ఇప్పటికే పంపేసి ఉంటే స్టేషన్‌కి వెళ్లేదాకా కూడా ఆగొద్దు, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబర్ 1930కి ఫోన్ చేయించండి.